మెకంజీ గళ్ళ గుడ్డ ఎవరిది?

మెకంజీ అన్న పేరు వినగానే తెలుగు సాహిత్య విద్యార్థికి కైఫీయత్తులు గుర్తుకొస్తాయి. ఊరూరా తిరిగి, కరణాలనూ పూజారులనూ ముసలివాళ్ళనూ అడిగి, శాసనాలు నకళ్ళు తీయించి, తాటాకు కట్టలు పోగుచేయించిన కల్నల్ కాలిన్ మెకంజీ మనకు తెలుసు. ఆయన కోసం ఎండల్లో తిరిగిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు కూడా మనకు తెలుసు, లేదా తెలిసి ఉండాలి. ఆ మెకంజీ ఎక్కడినుంచి వచ్చాడన్న ప్రశ్న మాత్రం మనం పెద్దగా వేసుకోలేదు. 'దొర' అన్నాం, 'ఇంగ్లీషువాడు' అన్నాం. ఆయన ఇంగ్లీషువాడు కాదు. స్కాట్లండుకు వాయవ్యంగా ఉన్న లూయిస్ దీవిలో స్టోర్నొవే అనే రేవు పట్నంలో 1754లో పుట్టాడు. అక్కడి సుంకాల కచేరీలో పనిచేసి, 1783లో మద్రాసులో దిగి, 1821లో కలకత్తా దగ్గర చనిపోయేదాకా మళ్ళీ స్వదేశం మొహం చూడలేదు.

ఈ సంగతి ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం ఒక గుడ్డ. గ్లాస్గోలో చదువుకుంటున్న మా మేనల్లుడికి స్నేహితుడి పెళ్ళి వచ్చింది. పెళ్ళికొడుకు ఇంటిపేరు మెకంజీ. తోడుగా నిలబడేవాళ్ళంతా కిల్ట్ కట్టాలట. "మావయ్యా, కంప్యూటర్లో మెకంజీ టార్టాన్ అని కొడితే అయిదారు రకాలు చూపిస్తున్నాడు. ఒకటి 'ప్రాచీనం' అంటాడు, ఒకటి 'ఆధునికం' అంటాడు, ఒకటి 'ఎండకు వెలిసింది' అంటాడు. ఇందులో అసలుది ఏది?" అని ఫోను చేశాడు. అసలుది ఏది అన్న ప్రశ్నకు జవాబు చెప్పబోతే అది గుడ్డల కొట్టుతో ఆగలేదు.

ముందు గుడ్డ సంగతి చూద్దాం. చరిత్ర రాసేవాళ్ళం తరచుగా వస్తువును వదిలేసి దాని మీద ఉన్న భావాల వెంట పరుగెడతాం. టార్టాన్ అంటే గళ్ళ ఉన్ని గుడ్డ. అయితే అన్ని గళ్ళ గుడ్డలూ టార్టాన్ కావు. పడుగులో ఏ రంగు ఎన్ని పోగులుందో, అదే వరుసలో, సాధారణంగా అదే లెక్కలో పేకలోనూ రావాలి. ఈ పోగుల లెక్కే దాని కులగోత్రం. నేత ఏటవాలుది. పేక పోగు రెండు పడుగు పోగుల మీదుగా, రెండింటి కిందుగా పోతూ ఒక్కొక్క పోగు చొప్పున జరుగుతూ ఉంటుంది. అందువల్ల రెండు రంగులు కలిసేచోట సన్నని వాలుగీతలతో మూడో రంగు కంటికి తోస్తుంది. మేనల్లుడు పంపిన నమూనా ముక్కను మా ఊళ్ళో మగ్గం మీద బతికిన ఒక పెద్దాయనకు చూపిస్తే, అద్దం పెట్టి పోగులు లెక్కపెట్టి, "లెక్క ఒక్క పోగు తప్పితే చదరం కుదరదు బాబూ, కష్టమైన పనే" అన్నాడు. ఏ వంశానిదని ఆయన అడగలేదు.

నిండు కిల్టుకు ఎనిమిది గజాల గుడ్డ పడుతుంది. పూర్వపు మగ్గాల మీద గుడ్డ పన్నా పాతిక ముప్ఫయి అంగుళాలు మాత్రమే. ఇప్పటి మిల్లులు దానికి రెట్టింపు పన్నాలో నేస్తాయి కనుక నాలుగు గజాలు కొని, నిలువునా రెండుగా కోసి, అతికి కుడతారు. కిల్టు కింది అంచు మడవరు. నేతలో వచ్చిన అంచే మోకాలి దగ్గర నిలుస్తుంది. కాబట్టి అంచు శుభ్రంగా, గట్టిగా ఉందో లేదో ముందే అడగాలి. బరువును గజానికి ఔన్సుల్లో చెబుతారు. పదమూడు ఔన్సులది తేలిక, పదహారుది కుచ్చిళ్ళు బాగా నిలుస్తుంది, సైనికులది ఇంకా బరువు. కుచ్చిళ్ళు పెట్టడంలోనూ రెండు పద్ధతులున్నాయి. గళ్ళ వరుస చెదరకుండా మడిచేది ఒకటి. ఒకే గీత ప్రతి కుచ్చిలి మీదా పడేలా మడిచేది సైన్యం పద్ధతి. తెర మీద కనిపించే రంగును నమ్మకూడదు, నమూనా ముక్క తెప్పించుకోవాలి. ఇక 'ప్రాచీనం', 'ఆధునికం' అన్నవి గుడ్డ వయసుకు సంబంధించిన మాటలే కావు. అవి రసాయన రంగుల ఛాయలు. మొక్కల రంగుల్ని గుర్తుకు తెచ్చే లేత ఛాయ 'ప్రాచీనం', ముదురు ఛాయ 'ఆధునికం'. రెండూ ఈ కాలపు మిల్లులో, ఒకే మగ్గం మీద, ఒకే వారంలో తయారు కావచ్చు. మా వాడి మొదటి ప్రశ్న ఇక్కడే కొంత వీగిపోయింది.

గళ్ళ ఉన్ని గుడ్డ స్కాట్లండుకు కొత్తది కాదు. ఫాల్కిర్క్ దగ్గర రోమను నాణేల కుండ మూతిలో దొరికిన ముక్క క్రీస్తు శకం మూడో శతాబ్దం నాటిది. రంగు వెయ్యని రెండు రకాల ఉన్నితో చిన్న చిన్న గళ్ళు. దీవుల గురించి 1703లో పుస్తకం ప్రచురించిన మార్టిన్ మార్టిన్ ఆ ప్రాంతంలోనే పుట్టినవాడు. ఒక్కో దీవిలో గళ్ళ తీరు ఒక్కో రకంగా ఉంటుందని, చూసిన మనిషి ఏ చోటివాడో చెప్పవచ్చునని రాశాడు. ఏ వంశం వాడో అని కాదు, ఏ చోటివాడో అని. ఇది సహజం. ఆ లోయలో ఏ రంగు దొరుకుతుందో, ఆ ఊరి నేతగాడికి ఏ లెక్క నోటికి వచ్చునో గుడ్డ అలాగే ఉంటుంది. 1714 నుంచి రిచర్డ్ వెయిట్ అనే చిత్రకారుడు గ్రాంట్ వంశస్థుల బొమ్మలు వరసగా వేశాడు. అందరూ ఒకే వంశం వాళ్ళు. ఏ ఇద్దరి ఒంటిమీదా ఒకే గళ్ళు లేవు. 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ యుద్ధంలో ఎవరు ఏ పక్షమో తెలుసుకున్నది టోపీకి గుచ్చిన రిబ్బను గుర్తును బట్టి గాని గుడ్డను బట్టి కాదు. ఆ యుద్ధాన్ని డేవిడ్ మోరియర్ వేసిన చిత్రంలో ఒకే మనిషి ఒంటిమీద రెండు మూడు రకాల గళ్ళు కనిపిస్తాయి.

ఈ గుడ్డ వెనక ఆడవాళ్ళ చాకిరీ ఉంది. ఉన్ని ఏకడం, వడకడం, రాతి మీద మొలిచే పాచితో, వేళ్ళతో, ఆకులతో రంగు వెయ్యడం వాళ్ళ పని. మగ్గం దిగిన గుడ్డను నిలవబెట్టిన మూత్రంలో తడిపి, బల్లకు అటూ ఇటూ కూర్చుని గంటల తరబడి కొట్టి చిక్కబరచేవాళ్ళు. ఆ దెబ్బల లయకు పుట్టిన గేలిక్ పాటలు వందల్లో ఉన్నాయి. ఒకతె ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు అందుకుంటారు. మన దంపుళ్ళ పాటలు విన్నవాడికి ఆ నిర్మాణాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. టార్టాన్ చరిత్రలు చాలావరకు రాజులు, ప్రభువులు, సైనికాధికారులతో నిండి ఉంటాయి. ఈ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు వాటిలో కనబడరు.

మోకాళ్ళ దాకా వచ్చే పొట్టి కిల్టు సంగతి మరొకటి. అంతకు ముందు మగవాళ్ళు కట్టింది అయిదారు గజాల పెద్ద దుప్పటి. నడుముకు బెల్టు బిగించి పై భాగం భుజాన వేసుకునేవాళ్ళు. రాత్రి అదే పక్క. పొట్టి కిల్టును కనిపెట్టింది గ్లెన్‌గారీలో ఇనుము కరిగించే కొలిమి పెట్టిన టామస్ రాలిన్‌సన్ అనే ఇంగ్లండు క్వేకరు అని 1785లో అచ్చయిన ఒక ఉత్తరం చెబుతుంది. కొలిమి దగ్గర కూలీలకు దుప్పటి అడ్డం వస్తోందని, కింది భాగాన్ని విడదీసి కుట్టించాడట. 1983లో ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ సంకలనం చేసిన 'సంప్రదాయ కల్పన' పుస్తకంలో హ్యూ ట్రెవర్ రోపర్ ఈ కథకు గొప్ప ప్రచారమిచ్చాడు. సంకలనకర్తల్లో హాబ్స్‌బామ్ మార్క్సిస్టు, వ్యాసకర్త టోరీ ప్రభువు. వ్యాసం చురుకైనదే. కాని చదువుతున్నకొద్దీ ఒక అసౌకర్యం కలుగుతుంది. గేలిక్ ప్రజలకు సొంత సంస్కృతి అన్నదే లేదు, ఉన్నదంతా ఐర్లండు ఎంగిలి, మిగిలింది నకిలీ అన్న ధోరణి అందులో ఉంది. రాలిన్‌సన్ కంటే ముందే దుప్పటి కింది సగాన్ని విడిగా కట్టినవాళ్ళున్నారని తర్వాతి పరిశోధకులు చూపారు కూడా. పాలకులు కల్పించిన సంప్రదాయాన్ని బట్టబయలు చెయ్యడం ఒకటి. దాన్ని సాకుగా పెట్టుకుని ప్రజల సంస్కృతినే కొట్టెయ్యడం మరొకటి. రెండోది విమర్శ కాదు, పాత దొరతనమే.

కల్లోడెన్ ఓటమి తర్వాత వచ్చిన చట్టం అసలు మలుపు. 1746లో పార్లమెంటు చేసిన నిరాయుధీకరణ చట్టంలో దుస్తుల నిషేధం ఒక భాగం. 1747 ఆగస్టు 1 నుంచి హైలాండ్సులో మగవాళ్ళు, కుర్రవాళ్ళు దుప్పటి గాని, కిల్టు గాని కట్టకూడదు. పై కోటుకు టార్టాన్ గుడ్డ వాడకూడదు. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ళ ద్వీపాంతరం. స్త్రీలకు నిషేధం లేదు. ప్రభుత్వ సైన్యంలో చేరినవాళ్ళకూ లేదు. ఈ రెండో మినహాయింపును జాగ్రత్తగా గమనించాలి. తండ్రి కట్టిన గుడ్డ కట్టాలంటే తండ్రిని ఓడించినవాడి సైన్యంలో చేరాలి.

డంకన్ బాన్ మెకింటైర్ అనే గేలిక్ కవి చదవడం, రాయడం రానివాడు. కొండ అడవుల్లో జింకల కాపరి. 1746లో ప్రభుత్వం తరఫునే యుద్ధానికి వెళ్ళాడు. గెలిచిన పక్షంలో ఉన్న తనకూ ఓడినవాళ్ళకూ ఒకే శిక్ష పడేసరికి పంట్లాము మీద ఒక పాట కట్టాడు. తనను సైన్యంలోకి తోలిన రాజ్యాన్ని ఆ పాటలో వదలలేదు. 1782లో నిషేధం ఎత్తేసినప్పుడు సంతోషించి మరో పాట కట్టాడు. నాకు ముఖ్యంగా కనిపించేది నక్కల మీద కట్టిన మూడోది. కొండల నిండా గొర్రెల మందలు దిగి మనుషులు పోయాక, గొర్రెలను చంపుతున్నందుకు నక్కలను ఆశీర్వదించాడు. గుడ్డ తిరిగి వచ్చింది, గుడ్డ కట్టుకుని నిలబడే నేల పోయింది. ఈ రెంటినీ ఒకే కవి జీవితంలో చూడవచ్చు.

ఇప్పుడు మన మెకంజీ గళ్ళ దగ్గరకు వద్దాం. నీలం, ఆకుపచ్చ, నలుపు గళ్ళ మీద తెలుపు, ఎరుపు సన్నగీతలు. తెలుపు, ఎరుపు తీసేస్తే మిగిలేది ప్రభుత్వ సైనికుల ముదురు టార్టాన్. 1725లో హైలాండ్సు మీద కాపలాకు పెట్టిన దళాల నుంచి 1739లో ఏర్పడ్డ బ్లాక్ వాచ్ రెజిమెంటుది. ఆ దళాలవాళ్ళు కూడా 1743లో తమను పరాయి దేశాలకు పంపుతారని తెలిసి తిరగబడ్డారు. ముగ్గురిని లండన్ టవరులో కాల్చి చంపారు. 1778 ప్రాంతంలో మెకంజీ ప్రభువులు ఇద్దరు రెజిమెంట్లు ఎత్తారు. లార్డ్ మెక్లౌడ్ అన్న బిరుదున్న జాన్ మెకంజీ ఒకటి, సీఫోర్త్ ప్రభువు కెనెత్ మెకంజీ ఒకటి. ప్రభుత్వ గుడ్డ మీదే తమ గుర్తుగా గీతలు వేయించారు. అంటే ఇవాళ మెకంజీ వంశ టార్టాన్‌గా అమ్ముతున్నది మొదట సైనిక యూనిఫారం అన్న అభిప్రాయమే నేటి పరిశోధకులలో బలంగా ఉంది. ఆ గళ్ళు ఏ అమ్మమ్మ మగ్గం మీదా పుట్టలేదు.

ఆ యూనిఫారం మొదట చూసిన ఊళ్ళలో మన మద్రాసు ఒకటి. మెక్లౌడ్ దళం 1780లో అక్కడ దిగింది. ఆ ఏడే పొల్లిలూరులో హైదరాలీ, టిప్పు సైన్యాలు కల్నల్ బెయిలీ బలగాన్ని తుడిచిపెట్టినప్పుడు ఈ దళం వాళ్ళు కొందరు చచ్చారు, కొందరు శ్రీరంగపట్నం జైలు పాలయ్యారు. సీఫోర్త్ దళం కథ ఇంకా చెప్పదగ్గది. 1778 సెప్టెంబరులో వాళ్ళను ఓడెక్కించడానికి ఎడింబరో రేవు లీత్‌కు తెచ్చారు. తమను ఈస్టిండియా కంపెనీకి అమ్మేశారన్న వదంతి పుట్టింది. జీతం బకాయిలు కూడా ఉన్నాయి. కింటెయిల్ ప్రాంతపు మక్రే ఇంటిపేరు వాళ్ళు ఎక్కువగా ఉన్న వందలాది సైనికులు రెండు దుప్పట్లను కర్రలకు కట్టి జెండాలుగా ఎత్తి, ఊరి పక్కనున్న ఆర్థర్స్ సీట్ కొండ ఎక్కి కూర్చున్నారు. ఎడింబరో జనం వాళ్ళకు తిండి మోశారు. చివరికి క్షమాభిక్ష, బకాయిల చెల్లింపు ఒప్పుకున్నాకే దిగారు. మెకంజీ గళ్ళకు వంశగౌరవం కంటే బలమైన జ్ఞాపకం ఏదైనా ఉంటే అది ఈ రెండు కర్రల మీది దుప్పట్లే. ఏ అమ్మకపు అట్ట మీదా దాన్ని అచ్చు వెయ్యరు. మూడేళ్ళు గడిచాక, 1781లో, వాళ్ళను ఇండియాకే పంపారు. దారిలోనే ప్రభువు పోయాడు. స్కర్వీ తెగులుతో రెండు వందల మందికి పైగా సముద్రం పాలయ్యారు. మిగిలినవాళ్ళు 1782లో మద్రాసులో దిగారు. లండన్‌లో దుస్తుల నిషేధాన్ని రద్దు చేసింది ఆ ఏడే. మరుసటి ఏడు దిగిన కాలిన్ మెకంజీకి మొదట అండగా నిలిచిందీ ఆ సీఫోర్త్ ఇంటి పలుకుబడే.

1815లో రెండు చోట్ల రెండు సేకరణలు సాగుతున్నాయి. సర్వేయర్ జనరల్‌గా నియమితుడైన కాలిన్ మెకంజీ మనుషులు మన ఊళ్ళలో కైఫీయత్తులు అడుగుతున్నారు. లండన్‌లో హైలాండ్ సొసైటీ వాళ్ళు వంశ నాయకులందరికీ ఉత్తరాలు రాసి, మీ మీ వంశపు టార్టాన్ ముక్క మీ ముద్ర వేసి పంపండి అని అడుగుతున్నారు. ఆ నాయకుల్లో పలువురికి తమ టార్టాన్ ఏదో తెలియదు. కొందరు ముసలివాళ్ళను వాకబు చేశారు. మెక్‌డొనాల్డ్ ప్రభువైతే, మా టార్టాన్ ఏదో మీకు తెలిస్తే మీరే పంపండి అన్న ధోరణిలో జవాబిచ్చాడు. అయినా ముక్కలు వచ్చాయి, ముద్రలు పడ్డాయి. ఇటు మన కరణాలూ అంతే కదా. ఇనాం నిలవాలన్నా, మిరాసీ దక్కాలన్నా ఊరి పుట్టుపూర్వోత్తరాలు దానికి తగినట్టు ఉండాలి. అధికారం వచ్చి 'నీ గతం ఏమిటి?' అని అడిగినప్పుడు గతం అడిగినవాడి కొలతకు కుట్టబడుతుంది. కైఫీయత్తులు పనికిరావని నేననను. వాటిలో నిజం ఉంది. కాని ఎవరు, ఎవరికి, ఏ భయంతో, ఏ ఆశతో చెప్పారో చూడకుండా ఆ నిజం చేతికి రాదు. టార్టాన్ ముక్కలు ఈ పద్ధతిని నేర్చుకోవడానికి మంచి పాఠ్యపుస్తకం.

ముద్రలు సరే, గుడ్డ ఎవరు నేశారు? హైలాండ్సు వాళ్ళు కాదు. స్టెర్లింగ్ దగ్గర బానక్‌బర్న్‌లో విల్సన్ కుటుంబపు మగ్గాలు. సైన్యపు కాంట్రాక్టులతో పెరిగిన వ్యాపారం అది. కొచినీల్, నీలిమందు లాంటి దిగుమతి రంగులు వాడి, అన్ని తానుల్లోనూ ఒకే ఛాయ తెప్పించారు. మొదట వాళ్ళ గళ్ళకు చాలావాటికి అంకెలే పేర్లు. తర్వాత ఊళ్ళ పేర్లు, కొనేవాళ్ళ పేర్లు, వంశాల పేర్లు తగిలించారు. 1819 నాటి వాళ్ళ నమూనా పుస్తకంలో రెండు వందలకు పైగా గళ్ళ లెక్కలున్నాయి. అంకె ఉన్న గుడ్డ కంటే పేరున్న గుడ్డ బాగా అమ్ముడుపోతుందని కనుక్కున్నవాళ్ళలో వీళ్ళు ముందువరసవాళ్ళు. కరీబియన్ తోటల్లో బానిసల ఒంటిమీద వేసిన ముతక గుడ్డల్లో కూడా టార్టాన్ ఉంది; దానికి వంశం పేరెవరూ అడగలేదు.

1822 ఆగస్టులో నాలుగో జార్జి రాజు ఎడింబరో వచ్చాడు. ఉత్సవాన్ని నడిపింది నవలాకారుడు వాల్టర్ స్కాట్. మన సాహిత్య విద్యార్థులు స్కాట్‌ను చారిత్రక నవలా పితామహుడిగా చదువుతారు. ఆయన రచించిన అతి పెద్ద కల్పన ఈ ఉత్సవం అంటే అతిశయోక్తి కాదేమో. లోతట్టు స్కాట్లండువాళ్ళు, నిన్నమొన్నటిదాకా కొండవాళ్ళను దొంగలనీ బిచ్చగాళ్ళనీ ఈసడించినవాళ్ళు, టార్టాన్ కోసం దుకాణాల మీద పడ్డారు. రాజుగారు ఎర్రని రాయల్ స్టూవర్ట్ గళ్ళు, కింద కాళ్ళకు చర్మం రంగు తొడుగులు వేసుకుని ఒక దర్బారులో నిలబడ్డాడు. ఆ వేషానికైన బిల్లు 1,354 పౌండ్ల 18 షిల్లింగులు. నిషేధం పెట్టిన వంశపు రాజు, ఓడిపోయిన వంశం పేరున్న గుడ్డ కట్టాడు.

ఆ ఊరేగింపులో సదర్లండ్ దళం కూడా ఉంది. ఆ ఎస్టేటు సంగతి మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో చదివినవాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది. 1814 నుంచి 1820 దాకా 15,000 మందిని, అంటే మూడు వేల కుటుంబాలను, తరిమేశారు. ఊళ్ళు తగలబెట్టారు. 1825 నాటికి వాళ్ళ చోట 1,31,000 గొర్రెలున్నాయి. స్ట్రాత్‌నేవర్ లోయలో ఇళ్ళు కాల్పించిన ఎస్టేటు మనిషి పాట్రిక్ సెల్లార్ మీద 1816లో విచారణ జరిగింది, నిర్దోషి అన్నారు. గ్లెన్‌గారీ నాయకుడు మెక్‌డొనెల్ అయితే 1815లో 'నిజమైన హైలాండర్ల సంఘం' పెట్టి, నిలువెల్లా టార్టాన్ కట్టి రేబర్న్ చేత బొమ్మ వేయించుకుని, సొంత రైతులను మాత్రం నేల మీంచి లేపాడు. వంశం అన్న మాటకు ఉన్న పాత అర్థం, అంటే నాయకుడికీ నేల దున్నేవాడికీ మధ్య ఉన్న ఇచ్చిపుచ్చుకోళ్ళు, కౌలు లెక్కల్లో కొట్టుకుపోతున్న సమయంలోనే ఆ మాట గుడ్డల కొట్టులో కొత్త అర్థంతో వెలిసింది. ఇది యాదృచ్ఛికం కాదు.

ఈ కథలో మన తీరపు డబ్బు కూడా ఉంది. బక్సారు యుద్ధం గెలిచిన హెక్టర్ మన్రో 1781లో నాగపట్నం పట్టుకున్నాడు. ఇంటికి వెళ్ళి, రాస్ ప్రాంతంలో ఫైరిష్ కొండ మీద నాగపట్నం కోట ద్వారం నమూనాలో ఒక కట్టడం లేపించాడు. బీదలకు పని చూపించడానికని చెప్పారు. ఆయన భూముల్లోనే గొర్రెల వ్యాపారులకు కౌలు ఇవ్వడంతో గొడవ మొదలై, 1792లో రైతులు వేల గొర్రెలను జిల్లా దాటించడానికి తోలుకుపోయారు. వాళ్ళను అణచడానికి పంపింది బ్లాక్ వాచ్ సైనికులను, అంటే అదే గళ్ళు కట్టిన రైతుబిడ్డలను. 'ఆసియన్' పేరిట గేలిక్ ప్రాచీన కావ్యాలను దొరకబుచ్చుకున్నానని 1760లలో యూరపునంతా ఊపేసిన జేమ్స్ మెక్‌ఫర్సన్ తర్వాత ఏం చేశాడో సాహిత్య చరిత్రలు తరచుగా చెప్పవు. 1780లలో ఆర్కాటు నవాబుకు లండన్‌లో ఏజెంటుగా పనిచేసి, సొంత ఊరి దగ్గర ఎస్టేటు కొని, భవనం కట్టించాడు. కర్ణాటక రైతు కట్టిన పన్ను, నవాబు అప్పుల పద్దుల్లోంచి జారి, బేడనాక్ లోయలో రాతి గోడగా తేలింది.

నకిలీ అన్న మాట పూర్తిగా అతికేది మరొక పుస్తకానికి. తాము ఓడిన స్టూవర్ట్ రాకుమారుడి మనుమలమని చెప్పుకున్న ఇద్దరు అన్నదమ్ములు, అసలు పేరు అలెన్, 1842లో 'వెస్టియేరియం స్కాటికం' అన్న ఖరీదైన పుస్తకం అచ్చు వేశారు. పదహారో శతాబ్దపు రాతప్రతి ఆధారమన్నారు. అసలు ప్రతి చూపండి అంటే చూపలేదు. 1829లోనే స్కాట్ అనుమానపడ్డాడు. మరి డెబ్భయి అయిదు దాకా ఉన్న ఆ పుస్తకంలోని గళ్ళు ఏమయ్యాయి? ఇవాళ దుకాణాల్లో వంశాల పేరున అమ్ముతున్నవాటిలో చాలా అక్కడివే. లోతట్టు కుటుంబాలకు, ఎన్నడూ కిల్టు కట్టనివాళ్ళకు కూడా, అందులో గళ్ళు దొరికాయి. నూట ఎనభై ఏళ్ళుగా తాతలూ మనుమలూ పెళ్ళిళ్ళకూ చావులకూ కడుతున్న గుడ్డను ఇప్పుడు నకిలీ అని తీసెయ్యగలమా? తొలి కల్పన అబద్ధం. తర్వాతి అనుబంధం అబద్ధం కాదు. విమర్శకుడు రెండూ చెప్పాలి.

ఇక్కడ మన గళ్ళ గుడ్డ ప్రస్తావన తప్పదు. స్కాటిష్ సైనికుల టార్టాన్ చూసి మద్రాసు నేతగాళ్ళు గళ్ళు నేర్చుకున్నారని వ్యాపారుల రాతల్లో తరచు కనబడుతుంది. వినడానికి బాగుంటుంది గాని నిలవదు. హైలాండు దళాలు మద్రాసులో అడుగుపెట్టడానికి వందేళ్ళకు పైగా ముందే కోరమాండల్ తీరపు గళ్ళ నూలు గుడ్డలు ఓడలెక్కి పోతున్నాయి. చీరాల ప్రాంతపు మగ్గాల మీద నేసిన 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' రుమాళ్ళు పశ్చిమ ఆఫ్రికాకు వెళ్ళాయి. నైజర్ నది డెల్టాలోని కలబరి ప్రజలు వాటిని 'ఇంజిరి' అంటారు. పుట్టుకకూ చావుకూ అవి కావాలి. వాళ్ళ స్త్రీలు ఆ గుడ్డలో కొన్ని పోగుల్ని బ్లేడుతో కోసి లాగేసి, చీరాల నేతగాడు ఊహించని కొత్త బొమ్మలు తేలుస్తారు. ఆ కోసిన గుడ్డే వాళ్ళది అవుతుంది. తమ టార్టాన్ తామే మరచిన ప్రభువులతో పోలిస్తే, ఎక్కడో నేసిన గుడ్డను తమది చేసుకున్న ఈ స్త్రీల దావా నాకు న్యాయంగా తోస్తుంది.

మా మేనల్లుడి సంగతి చెప్పి ముగిస్తాను. ఒక దుకాణం తెర మీద 'మీ ఇంటిపేరు టైపు చెయ్యండి, మీ టార్టాన్ చూపిస్తాం' అని పెట్టె ఉందట. వాడు మా బావగారి ఇంటిపేరు కొట్టాడు. దొరకలేదని చెప్పి, ఎవరైనా కట్టుకోదగ్గవి కొన్ని చూపించింది. నిజానికి ఫలానా వంశం వాళ్ళే ఫలానా గళ్ళు కట్టాలన్న చట్టం ఏదీ లేదు. రాజకుటుంబం తమకని పెట్టుకున్న ఒకటి రెంటిని మర్యాదగా వదిలేస్తారు, అంతే. 2008లో స్కాట్లండు పార్లమెంటు చట్టం చేసి, 2009 నుంచి టార్టాన్ల అధికారిక రిజిస్టరు నడుపుతోంది. కొత్త గళ్ళు ఎవరైనా రుసుము కట్టి నమోదు చేసుకోవచ్చు. కంపెనీలవి, ఫుట్‌బాల్ జట్లవి, సింగ్ అన్న పేరుతో ఒకటి, అన్నీ ఉన్నాయి. నమోదు వల్ల యాజమాన్యపు హక్కు మాత్రం రాదు.

ధర దగ్గర వాడు ఆగిపోయాడు. స్కాట్లండు మిల్లులో నేసిన ఉన్ని గుడ్డతో చేత్తో కుట్టిన కిల్టుకు వందల పౌండ్లు. దానిలో చిన్న భాగానికే వచ్చే కృత్రిమ నూలు కిల్టులు మరో పక్క. వాటిలో చాలా పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో కుట్టినవి. బ్రిటిషు సైన్యపు బ్యాండ్ల రోజుల నుంచి ఆ ఊళ్ళో బ్యాగ్‌పైపులు, కిల్టులు తయారవుతున్నాయి. 'అది నకిలీ' అని తోటి విద్యార్థులు నవ్వారట. నేను మాత్రం, యూనిఫారం గుడ్డను వలస సైన్యానికి కుట్టిపెట్టిన ఊరు సియాల్‌కోట్ అయితే, నేసిపెట్టిన ఊరు బానక్‌బర్న్ అని చెప్పాను. చివరికి వాడు అద్దెకు తెచ్చుకున్నాడు. ఫోటో పంపాడు. 'ఆధునిక' ఛాయ, కుచ్చిళ్ళు సైన్యం పద్ధతిలో కాక గళ్ళ వరుసకు పెట్టినవి.

కాలిన్ మెకంజీ బొమ్మ ఒకటుంది. 1816లో మద్రాసులో టామస్ హిక్కీ వేసింది. పక్కన తాటాకులు పట్టుకున్న పండితులు, దుర్భిణీ పట్టుకున్న జవాను, వెనక దూరాన గోమఠేశ్వరుడి విగ్రహం. మధ్యలో నిలబడ్డ మెకంజీ ఒంటిమీద ఉన్నది కంపెనీ ఎర్రకోటు. టార్టాన్ పోగు ఒక్కటి కూడా లేదు.